పచ్చకామెర్లన్నీ ఒకటి కావు

కళ్లు పచ్చబడితే మన పల్లెల్లో ముందుగా గుర్తుకు వచ్చేది పసరు మందు. కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. ఆ నమ్మకంతోనే నడివయసు దాటినవారికి వచ్చే మరో రకం కామెర్లకు కూడా పసరే పోస్తున్నారు. ముప్పు అక్కడే ఉంది.

కాలేయాన్ని అంటిపెట్టుకుని ఉండే చిన్న తిత్తి పిత్తాశయం. కోడిని కోసేటప్పుడు పగలకుండా తీసి పారవేసే చేదు ఇదే. దీనికి వచ్చే కేన్సర్ గంగా మైదానంలో ఎక్కువ, దక్షిణాదిన అరుదు. పురుషుల కంటే స్త్రీలలో అధికం. రోగుల్లో చాలామందికి పిత్తాశయంలో రాళ్లుంటాయి. అయితే రాళ్లున్న వారిలో అత్యధికులకు ఈ జబ్బు రాదు.

తొలిదశలో పట్టుబడితే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం బాగా ఉంది. కాని అప్పుడు బాధ ఉండదు. ఉన్నా అజీర్తి అనుకుంటారు. పైత్యరసం దారి మూసుకుని కామెర్లు కనిపించేసరికి సాధారణంగా జబ్బు ముదిరి ఉంటుంది. సుద్దరంగు మలం, ముదురు రంగు మూత్రం, ఒళ్లంతా దురద, బరువు తగ్గడం దీని గుర్తులు.

ముదిరిన జబ్బులో రోగి పరిస్థితిని వైద్యులు కొన్ని గుర్తులను బట్టి అంచనా వేస్తారు. కేన్సర్ కాలేయానికి, కడుపులోని ఇతర భాగాలకు పాకిందా? కామెర్లున్నాయా? రక్తంలో ఆల్బుమిన్ పడిపోయిందా? రోగి లేచి తన పనులు తాను చేసుకోగలుగుతున్నారా? సి.ఎ. 19-9 అనే రక్తపరీక్ష కూడా చేస్తారు. కామెర్ల వల్లనే ఈ అంకె పెరగవచ్చు గనుక ఒక్క కాగితం చూసి ఆశ వదులుకోరాదు.

ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు, ఆపరేషన్‌కు వీలులేని 81 మంది రోగులపై జరిపిన పరిశీలన 2010లో వెలువడింది. బాధ తగ్గించే చికిత్స మాత్రమే పొందినవారిలో సగం మంది నాలుగున్నర నెలలకు మించి బతకలేదు. జెమ్‌సైటబిన్, ఆక్సాలిప్లాటిన్ మందులు తీసుకున్నవారిలో ఆ గడువు తొమ్మిదిన్నర నెలలకు పెరిగింది. మందు పనిచేసింది, జబ్బును నయం చేయలేదు. పొలం తాకట్టు పెట్టే ముందు కుటుంబం ఈ తేడా తెలుసుకోవాలి. తట్టుకోగల రోగికి మందులు మేలు చేస్తాయి. మంచం పట్టినవారికి మూసుకున్న నాళంలో గొట్టం అమర్చి దురద తగ్గించడం, మార్ఫిన్‌తో నొప్పి తగ్గించడం కూడా చికిత్సే. హైదరాబాదులోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో ఇటువంటి ఉపశమన సేవలున్నాయి.

నడివయసు దాటినవారికి కళ్లు పచ్చబడి, దురద పెడితే పసరు కోసం పరుగెత్తక వెంటనే ఆస్పత్రిలో కడుపు స్కానింగ్ చేయించాలి. గ్రామాల్లోని ఆరోగ్య కార్యకర్తలు ఈ ఒక్క మాట ఇంటింటా చెప్పడం ఎంతైనా అవసరం.