దేవుడు వరమిచ్చినా వెబ్‌సైటు కరుణించదు!

మా వీధి పెద్దాయన ఒకరు మొన్నామధ్య మా ఇంటికి వచ్చారు. "బాబూ, పొలం కాగితం కోసం ఫోనులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చంట గదా. కాస్త చూసిపెట్టు" అన్నారు. అరగంట పనే కదా అనుకుని కూర్చున్నాను.

వెబ్‌సైటు తెరవగానే ఫొటోలు ఒకదాని వెంట ఒకటి కదలడం మొదలైంది. వాటి కింద ఎర్ర అక్షరాల ప్రకటన ఒకటి పరుగులు తీస్తోంది. దరఖాస్తు ఎక్కడుందో వెతకడానికే పది నిమిషాలు పట్టింది. వివరాలన్నీ నింపి పాసుపుస్తకం ఫొటో జతచేయబోతే 200 కె.బి. లోపు ఉండాలంది. ఫోనుతో తీసిన ఫొటో అంతకు పదిరెట్లు ఉంటుంది. తగ్గించడమెలాగో అక్కడ రాయలేదు. తంటాలుపడి తగ్గించాం. చివరికి ఓటీపీ అడిగింది. ఇంట్లో సిగ్నలు అందక ఫోను పట్టుకుని చెరువుకట్ట మీదికి వెళ్లాం. ఓటీపీ వచ్చింది గానీ, అప్పటికే గడువు దాటిందని ఇంగ్లీషులో ఒక ముక్క కనిపించింది. నింపినదంతా పోయింది.

మర్నాడు బస్సెక్కి మండల కేంద్రంలోని నెట్ సెంటరుకు వెళ్లాం. వంద రూపాయలు అయ్యాయి. పెద్దాయనకు ఒక పూట పని పోయింది. నెట్ సెంటరు కుర్రాడు నవ్వుతూ "సైటు సరిగ్గా ఉంటే మా దగ్గరికి ఎవరొస్తారన్నా?" అన్నాడు. సరదాకి అన్న మాటే. కానీ అసలు సంగతి అందులోనే ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఆఫీసు గుమ్మం ముందు దళారీ బెడద తప్పించడానికే ఈ వెబ్‌సైట్లు వచ్చాయి. వాటిని తయారుచేసిన తీరు బాగాలేకపోతే పాత దళారీ పోయి కొత్త దళారీ వస్తాడు. వెబ్‌సైటు రూపకల్పన అంటే పట్నంలో కంప్యూటరు చదువుకున్నవారి గొడవ అని మనం ఊరుకోరాదు. మన కూలి డబ్బులు దానితో ముడిపడి ఉన్నాయి.

హంగులకు బహుమతి రాలేదు

బ్రిటన్ ప్రభుత్వం తన శాఖల సైట్లను ఒకచోటికి తెచ్చే పని చేపట్టి 2012లో గవ్.యూకే అనే వెబ్‌సైటు ప్రారంభించింది. తెల్లటి పుట, నల్లటి పెద్ద అక్షరాలు, సూటిగా నాలుగు మాటలు. చూడ్డానికి అంతే. 2013లో లండన్ డిజైన్ మ్యూజియం ఆ ఏటి మేటి డిజైన్‌గా దాన్నే ఎంపిక చేసింది. దాన్ని తయారుచేసినవారు పెట్టుకున్న మొదటి నియమం ఒక్కటే. శాఖకు ఏం చెప్పుకోవాలని ఉందన్నది పక్కనపెట్టి, వచ్చిన మనిషికి ఏం కావాలో అది ముందు చూపాలి.

పుట ఏ తెర మీదనైనా ఒదగాలన్న పద్ధతి కూడా కొత్తదేమీ కాదు. అమెరికా డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లోనే దాన్ని వివరించారు. చెంబులో పోసినా, బిందెలో పోసినా నీరు ఒదిగినట్టు, పెద్ద కంప్యూటరులోనూ చిన్న ఫోనులోనూ పుట సర్దుకోవాలి. ఇప్పటికీ కొన్ని సైట్లను ఫోనులో వేళ్లతో సాగదీసి చూడవలసి వస్తోంది. ఊళ్లో ఎవరి దగ్గర చూసినా ఉండేది ఫోనే. ముందు దానికి సరిపోయేలా చేసి, ఆ తరువాత కంప్యూటరు సంగతి చూడాలి.

తెలుగుకు చోటివ్వాలి

మన లిపిలో గుడులు పైన, ఒత్తులు కింద వస్తాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడమే తెలుగుకూ పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. అక్షరం మరీ చిన్నదైతే 'ద'కు, 'ధ'కు తేడా తెలియదు. పట్టాదారు పేరు సరిచూసుకునే చోట ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లీషు మాటకు సరిపోయేలా చేసిన బటన్‌లో తెలుగు మాట సగమే కనిపిస్తుంది.

కొన్నిచోట్ల తెలుగు సమాచారాన్ని స్కాను చేసిన బొమ్మగా పెట్టేస్తారు. అందులో మన ఊరి పేరు వెతుకుదామంటే దొరకదు. చూపులేనివారికి ఫోను చదివి వినిపించడానికీ చిక్కే. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 1991లోనే చేరాయి. ఇంకా బొమ్మలెందుకు?

భాష సంగతీ అంతే. రైతుకు తెలిసినవి సర్వే నంబరు, అడంగల్, పాసుపుస్తకం. 'ప్రమాణీకరణ విఫలమైనది' అంటే ఎవరికి అర్థమవుతుంది? 'మీరు కొట్టిన ఓటీపీ తప్పు, మళ్లీ కొట్టండి' అంటే చాలదా?

నిబంధనలకు కొదవ లేదు

ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2018లో, 2023లో వాటిని సవరించింది. ప్రపంచమంతటా పాటించే వెబ్ ప్రమాణాలూ ఉన్నాయి. మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకు మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని అవి చెబుతాయి. తప్పు జరిగితే గడి చుట్టూ ఎర్ర గీత గీసి ఊరుకోరాదు, తప్పేమిటో మాటల్లో రాయాలి. గడువు పెడితే అది ముగిసేముందు హెచ్చరించి, పెంచుకునే వీలివ్వాలి. ఒకసారి రాసిన వివరం అదే పనిలో మళ్లీ రాయించకూడదని 2023 అక్టోబరులో వచ్చిన ప్రమాణాల్లో చేర్చారు. ఇవి దివ్యాంగులను దృష్టిలో పెట్టుకుని రాసినవే అయినా, కంటిలో శుక్లం వచ్చిన అవ్వకూ, ఎండలో గట్టు మీద నిలబడి ఫోను చూసే రైతుకూ పనికొస్తాయి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. కాబట్టి మంచి వెబ్‌సైటు అడగడం మన హక్కు.

భద్రత కోసమే గడువు పెడుతున్నామని అధికారులు అనవచ్చు. నిజమే, భద్రత కావాలి. అయితే నింపినంతవరకు భద్రపరిచి, తిరిగి వచ్చినప్పుడు అక్కడి నుంచే సాగనివ్వవచ్చు కదా! ఫొటో పెద్దదైతే సైటే దాన్ని తగ్గించుకోవచ్చు. ఈ రెండూ సాధ్యమయ్యే పనులే.

చదువురానివారి మాటేమిటని అడగవచ్చు. నోటితో చెబితే పని జరిగే రోజులు వస్తున్నాయి. మన భాషల కోసం కేంద్రం 2022లో 'భాషిణి'ని తెచ్చింది. అయినా యంత్రానికి మాట అర్థంకాని చోట మనిషి ఉండాలి. ఆఫీసులో కౌంటరు ఎత్తివేయకూడదు.

ఐదుగురి చేత చూపించండి

వెబ్‌సైట్ల వాడుకపై కృషి చేసిన జాకబ్ నీల్సన్ 2000లోనే ఒక మాట చెప్పారు. ఐదుగురు మామూలు మనుషుల చేతికిచ్చి చూస్తే చాలు, లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని. దీనికి కోట్లు అక్కర్లేదు. కొత్త సైటు విడుదల చేసేముందు జిల్లాలో ఏదో ఒక ఊరి రచ్చబండ దగ్గర ఐదుగురిని కూర్చోబెట్టండి. ఒక రైతు, ఒక డ్వాక్రా మహిళ, ఒక పింఛనుదారు, ఒక దివ్యాంగుడు, ఒక కౌలుదారు. వారి ఫోను, వారి సిగ్నలు. పక్కనుంచి ఎవరూ సాయం చేయకూడదు. ఎక్కడ ఆగిపోయారో రాసుకుని, అది సరిచేశాకే విడుదల చేయండి.

మనమూ ఊరికే తిట్టుకుని వదిలేయకూడదు. ఎక్కడ ఆగిందో ఆ తెరను ఫోనులోనే ఫొటో తీసి, తేదీ, సమయం రాసి, సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇవ్వాలి. 'సైటు పనిచేయడం లేదు' అని రాస్తే సర్వరు బిజీ అంటారు. 'ఫలానా గడి దగ్గర నింపినదంతా పోయింది' అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.

బస్సు దిగి ఇంటికి వస్తూ పెద్దాయన "వచ్చేసారైనా మన ఫోనులో అవుతుందా బాబూ?" అని అడిగారు. నేను బదులు చెప్పలేకపోయాను. సంబంధిత అధికారులు చెప్పాలి.