పుట్టుక తెలియని పడవ

మన రేవుల్లో పాత ఫైబర్ బోటు చేతులు మారేటప్పుడు బేరమంతా ఇంజిన్ చుట్టూ, వలల చుట్టూ తిరుగుతుంది. ఏ యార్డులో తయారైందని అడిగేవారు అరుదు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే నిర్లక్ష్యం.

కర్ర పడవలో పుచ్చునీ, విడిన అతుకునీ కన్ను పట్టేస్తుంది. ఫైబర్ బోటులో గాజు మ్యాట్ ఎన్ని పొరలు వేశారో, రెజిన్ సరిగా పట్టిందో లేదో, ఇంజిన్ బిగించే వెనుక పలక లోపల ఏ చెక్క పెట్టారో అంతా పైన మెరిసే జెల్‌కోట్ కింద దాగిపోతుంది. ఆ గుట్టు తయారుచేసినవారికే తెలుసు. వారెవరో తేలకపోతే ఎంత బరువు వేయవచ్చో, ఎన్ని హార్స్‌పవర్ల ఇంజిన్ తగిలించవచ్చో నమ్మకంగా చెప్పేవారుండరు.

ఆకారం చూసి ఫలానా యార్డుదని చెబితే నమ్మవద్దు. పేరున్న బోటు మీదే అచ్చు తీసి అదే రూపంలో మరొకటి పోయడం ఈ వృత్తిలో పాత సంగతి. రూపం ఒకటే అయినా మందం ఒకటి కానక్కర్లేదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఈ నకలు పద్ధతిని నిషేధిస్తే, బోనిటో బోట్స్ కేసులో 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. చివరికి 1998లో అమెరికా కాంగ్రెస్ మరో చట్టం తేవలసివచ్చింది.

అదే దేశంలో 1972 నవంబరు నుంచి తయారైన విహార బోట్లకు వెనుక కుడివైపు 12 అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. అందులో మొదటి మూడూ తయారీదారు కోడ్. 1984 ఆగస్టు నుంచి ఆ సంఖ్యనే కంటికి ఆనని చోట మరోసారి వేయాలి. పైది చెరిపేసినా లోపలిది మిగులుతుంది. మూతపడిన కంపెనీ కోడ్ మరొకరికి దక్కవచ్చు కనుక తయారీ సంవత్సరాన్నీ కలిపి చదవాలి.

మన బోట్ల పక్కన ఐఎన్‌డీ-ఏపీ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. 2008లో ముంబై దాడికి వచ్చిన ఉగ్రవాదులు కుబేర్ అనే చేపల బోటును వాడుకున్నాక, రిజిస్ట్రేషన్ బిగించారు. మంచిదే. కానీ ఆ నంబరు యజమాని ఎవరో చెబుతుంది, పొరల సంగతి చెప్పదు. రిజిస్ట్రేషన్ కాగితంలో యార్డు పేరున్నా, బోటు ఒంటి మీద దానికి సరిపోయే చెరగని గుర్తు కావాలి.

యార్డు పేరు, తయారీ సంవత్సరం, బరువు పరిమితి పోతపోసేటప్పుడే ముద్రించాలని మత్స్యశాఖ పట్టుబట్టాలి. కొనేవారు తొలి బిల్లు అడగాలి. వెనుక పలకను సుత్తితో తట్టించి, మొద్దుగా పలికితే బేరం ఆపాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంతో బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆధారం లేని ప్రతి పాత బోటునూ ఆ రెండు నెలల్లోనే తనిఖీ చేయించాలి. అది పూర్తయ్యేదాకా పెద్ద ఇంజిన్ బిగించడానికి అనుమతించకూడదు.