పియానోపై రెండు వెన్నెలలు

పియానోకు గమకము లేదు గనుక ప్రాణము లేదని వీణ నేర్చిన సోదరీమణులు కొందఱనుచుందురు. గమకము లేదనుట నిజమే. మీటను నొక్కినంతనే లోపలి సుత్తి తీగను గొట్టి వెనుకకు మరలును. పిమ్మట నా స్వరమును వంచుటకు వాయించువారికి శక్తి లేదు. అయినను ప్రాణము లేదనుటకు మే మొప్పుకొనఁజాలము. ఆ ప్రాణము స్వరము పుట్టుచోటఁ గాక యణఁగుచోట నున్నదని మా యభిప్రాయము.

ఏకవాద్యకచేరిలో నిది బాగుగాఁ దెలియును. మన గాయని యూపిరి దీసికొనునపుడు ఫిడేలు రాగమందుకొనును. పియానో రిసైటలులో వేదికపై నొక్కరే, ఆదుకొనువారు లేరు. 1840లో లండను నగరమున లిస్టు తన కచేరి కీ పేరు పెట్టెను. 1856లో భర్త గతింపఁగా క్లారా షూమను ఊరూరఁ దిరిగి పియానో కచేరీలు చేసి యేడుగురు బిడ్డలను పోషించెను. పెండ్లిచూపులకై నాలుగు కీర్తనలు నేర్పించి చాలించు తల్లిదండ్రు లీ సంగతి నాలకింతురు గాక!

వాయించువారి కుడికాలి క్రింద నొక పెడలు గలదు. దానిని ద్రొక్కినచో తీగల నణఁచు మెత్తలన్నియు నొక్కమాఱు పైకి లేచును. అపుడు కొట్టిన తీగ మ్రోఁగుచునే యుండును. కొట్టని తీగలు సైతము సన్నగాఁ బలుకును. సితారుయొక్క తరపుతీగల నెఱిఁగినవారి కిది క్రొత్త గాదు.

బీథోవెను 1801లో రచించిన యొక సొనాటాను లోకము వెన్నెల సొనాటా యనుచున్నది. ఆ పేరు మాత్ర మాయన పెట్టినది గాదు. మొదటి భాగమంతయు మెత్తల నెత్తియే వాయింపవలెనని యాయన వ్రాసెను. ఆ కాలపు పియానోలో నాదము త్వరగా నణఁగెడిది. నేఁటి పియానోలో నట్లే చేసినచో స్వరములు కలఁగిపోవును. కాఁబట్టి స్వరమేళనము మాఱినపుడెల్లఁ గాలెత్తి మరలఁ ద్రొక్కుదురు. అది వినువారికిఁ దెలియకుండుటయే నేర్పు.

ఫ్రాన్సు దేశీయుఁడగు డెబుస్సీ దారి వేఱు. 1889లో పారిసు ప్రదర్శనమున నాయన జావా ద్వీపపు గామెలాను మేళమును వినెను. కంచుగంటల మ్రోఁత యొకదానిలో నొకటి కరఁగుట యాయన మనస్సున నిలిచెను. 1903 నాటి ‘పగోడాలు’ అను రచన దానికి సాక్ష్యము. 1905లో వెలువడిన ‘క్లేర్ ద ల్యూన్’, అనఁగా వెన్నెల, యను రచనయందును స్వరము లిట్లే కరఁగును. బీథోవెనునందు దోషమనిపించు కలయికయే యిచట రంగు. దీనిని ఇంప్రెషనిస్టు సంగీత మందురు. చిత్రకారుల నుండి తెచ్చిన యీ పేరాయనకు రుచింపలేదు.

ఈ రెండు వెన్నెలలు నొక్క కచేరిలో వినఁ దటస్థించినచో, మన సభలలోవలె నడుమ ‘భేష్’ అనవలదు. తుది స్వరము పలికినతోడనే చప్పట్లు కొట్టవలదు. వేళ్లు మీటలనుండి లేచినను పాదము పెడలుపై నింకను నుండవచ్చును. అది లేచిన పిమ్మటనే కొట్టుఁడు.