డిగ్రీలో ఏ సబ్జెక్టు?



ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో రామతీర్థం నుండి ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చాడు.

“డిగ్రీలో ఏటి తీసుకోవాలో పిల్లడు తేల్చుకోనేకపోతన్నాడు, అయ్యగారూ. మా బావమరిది కొడుకు కంప్యూటర్లు తీసుకున్నాడు, నువ్వూ అదే తీసుకోమంటన్నాను. పెద్దమ్మాయిని ఇంటర్‌తో మానిపించి వీడిని చదివిస్తన్నాను. మద్దెలో మానేస్తే మళ్లీ చేర్పించే ఓపిక నాకు నేదు” అన్నాడు.

“నీకేది ఇష్టం బాబూ?” అని అడిగితే కుర్రవాడు తల వంచుకొని “తెలీదండి” అన్నాడు.

ఆ వయస్సులో తెలియకపోవడం తప్పు కాదు. అయితే తేల్చుకొనే వ్యవధి తగ్గింది. వెనుక బి.ఎస్సీ.లో చేరినవారు లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ వంటి మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవారు. బి.ఏ.లో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం అలాగే ఉండేవి. పి.జి.కి వెళ్లేటప్పుడు ఒకటి ఎంచుకుంటే సరిపోయేది. 2023-24లో మన రాష్ట్రంలో ఒకే మేజరు పద్ధతి వచ్చింది. ముఖ్య సబ్జెక్టు ఏదో చేరేటప్పుడే చెప్పవలసి వచ్చింది. నిబంధనలు మారుతుంటాయి గనుక, ఈ ఏడాది ఏ పద్ధతి అమలులో ఉందో కాలేజీలోనే అడిగి తెలుసుకోండి.

తేల్చుకోలేనివారు ముందుగా ఏ దారి మూసుకుపోతుందో చూడండి. గ్రూప్-2 పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. బి.ఎడ్.లో మాత్రం మీరు ఏ పాఠం చెప్పవచ్చునో డిగ్రీ సబ్జెక్టును బట్టి ఉంటుంది. లెక్కలు చదివినవారు తరువాత ఎం.బి.ఏ.కి మళ్లవచ్చు. చరిత్ర చదివినవారు ఎం.ఎస్సీ. లెక్కలకు వెళ్లడం కుదరదు. టీచరు కావాలా, ఆఫీసు ఉద్యోగం కావాలా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. రెండవ ఇష్టాన్ని మైనరుగా పెట్టుకొనే వీలుంటే అదీ మంచిదే.

రెండవది, ఊరకే పేరు చూసి చేరకండి. విజయనగరం మనకు సుమారు 12 కిలోమీటర్లే. 1879 నుండి ఉన్న మహారాజా కళాశాల వంటివి అక్కడున్నాయి. రెండవ సంవత్సరం చదివే పిల్లలను కలిసి, వారి పుస్తకం అడిగి తెచ్చుకోండి. వారం రోజులు ఇంట్లో ఉంచండి. ఎవరూ చెప్పకుండానే పిల్లవాడు ఏ పుస్తకం తెరుస్తాడో గమనించండి. ప్రార్థించండి, పుస్తకమూ తెరవండి.

ఆ కుర్రవాడు మరుసటి వారం మళ్లీ వచ్చాడు.

“లెక్కలు తీసుకుంటానండి. అవే అర్థమవుతున్నాయి.”

“ఇంట్లో ఎవరు చెప్పారు?”

“అక్కండి. ఇంటర్ రెండేళ్లూ అక్కే చెప్పింది.”

తండ్రి నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. ఆయనతో ఒక్కమాటే అన్నాను. “ఆ అమ్మాయికి ఏది ఇష్టమో కూడా అడగండి. ఈసారి రెండు దరఖాస్తులు పెట్టండి.”

ఇది చదివే తండ్రులందరికీ అదే నా మనవి.