జూనియర్ యూరోవిజన్ పాటల పోటీలో వేల్స్

జూనియర్ యూరోవిజన్ పాటల పోటీలో వేల్స్ దేశము 2018, 2019 సంవత్సరములలో రెండు పర్యాయములు పాల్గొనినది. మొదటిసారి 20 దేశములలో చివరి స్థానము, రెండవసారి 19 దేశములలో 18వ స్థానము లభించినవి. 2020 తరువాత వేల్స్ ఈ పోటీకి తిరిగి రాలేదు. ఫలితముల పట్టిక మాత్రమే చూచినవారికి ఇందులో విశేషమేమీ కనిపించదు. అయితే రాజ్యము లేని ఒక చిన్న భాష అంతర్జాతీయ వేదికపై తన పేరుతో తాను నిలువగలదా అను ప్రశ్న ఈ రెండు ప్రయత్నములలో ఇమిడి ఉన్నది.

పోటీ స్వరూపము

ఈ పోటీని యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 2003లో కోపెన్‌హాగెన్‌లో ప్రారంభించినది. పాల్గొను గాయనీగాయకుల వయసు 2016 నుండి 9–14 సంవత్సరముల మధ్య ఉండవలెనని నిర్ణయించినారు. పాటలో అధిక భాగము ఆ దేశపు భాషలో ఉండవలెను. కొంత భాగము ఇతర భాషలో పాడుటకు అనుమతి ఉన్నది. ఇంకొక ముఖ్య విషయమేమనగా, పోటీలో చేరునది దేశ ప్రభుత్వము కాదు, ఆ దేశమునకు చెందిన ప్రసార సంస్థ. వేల్స్‌కు అవకాశము లభించుటకు కారణము ఇదియే.

ఎస్‌ఫోర్‌సి, వెల్ష్ భాష

వేల్స్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఒక భాగము. జనాభా సుమారు 31 లక్షలు. పెద్దల యూరోవిజన్ పోటీలో బీబీసీ ద్వారా యునైటెడ్ కింగ్‌డమ్ అంతటికీ కలిపి ఒకే పాట వెళ్ళును. పిల్లల పోటీలో కూడ 2003 నుండి 2005 వరకు ఐటీవీ సంస్థ యునైటెడ్ కింగ్‌డమ్ పేరుతోనే, ఆంగ్ల పాటలతో పాల్గొని, 3, 2, 14 స్థానములు పొంది విరమించినది. ఆ తరువాత ఖాళీగా ఉన్న చోటును వెల్ష్ భాషా టెలివిజన్ ఛానల్ అయిన ఎస్‌ఫోర్‌సి ఉపయోగించుకొన్నది.

ఈ ఛానల్ పుట్టుకయే ఒక భాషోద్యమ ఫలితము. వెల్ష్ భాషకు ప్రత్యేక ఛానల్ ఇచ్చెదమన్న ఎన్నికల వాగ్దానమునుండి బ్రిటిష్ ప్రభుత్వము వెనుకకు తగ్గగా, 1980లో ప్లయిడ్ కమ్రి పక్ష నాయకుడు గ్విన్‌ఫర్ ఎవాన్స్ ఆమరణ నిరాహారదీక్ష చేసెదనని ప్రకటించినాడు. దీక్ష ఆరంభము కాకముందే, అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రభుత్వము దిగివచ్చినది. 1982 నవంబరు 1న ఛానల్ ప్రసారములు మొదలైనవి. ఇట్టి నేపథ్యము గల సంస్థ పంపు పాట వెల్ష్‌లో కాక వేరొక భాషలో ఉండుట ఊహింపరాని విషయము.

జూనియర్ పోటీకి ముందు 2017లో రీగా నగరమున జరిగిన మొదటి యూరోవిజన్ బృందగాన పోటీలో ఎస్‌ఫోర్‌సి పంపిన 'కోర్ మెర్చెడ్ సిర్ గార్' బాలికల బృందము ద్వితీయ స్థానము పొందినది. ఆ విజయము మరుసటి సంవత్సరము ప్రయత్నమునకు ప్రోత్సాహమై ఉండునని భావింపవచ్చును.

రెండు ప్రయత్నములు

2018లో 'ఖ్విలియో అమ్ సెరెన్' (తార కొరకు అన్వేషణ అని అర్థము) అను టెలివిజన్ కార్యక్రమము ద్వారా లాండుడ్నో పట్టణములో ఎంపిక జరిగినది. ఎన్నికైన మనూ అను బాలిక నవంబరు 25న బెలారుస్ రాజధాని మిన్స్క్‌లో 'పెర్టా' అను పాట పాడి 29 పాయింట్లు పొందినది. 2019 నవంబరు 24న పోలండ్‌లోని గ్లివిస్ నగరమున ఎరిన్ మాయ్ 'కలోన్ అన్ కీరో' (కొట్టుకొనుచున్న గుండె) అను పాటకు 35 పాయింట్లు పొందినది. రెండు పాటలును వెల్ష్‌లోనివే. ఆ రెండు సంవత్సరములును పోలండ్ గెలిచినది. ఆ విజేతల పాటలలో పోలిష్‌తో పాటు ఆంగ్లము కూడ ఉన్నది.

ఓటమికి కారణములు

భాష తెలియకపోవుట వలననే ఓడిపోయినారని సులభముగా అనవచ్చును. కాని ఈ వాదన నిలువదు. 37 లక్షల జనాభా గల జార్జియా ప్రధానముగా తన భాషలోనే పాడుచు 2008, 2011, 2016, 2024 సంవత్సరములలో నాలుగు సార్లు గెలిచినది. 2008లో బ్జికెబి బృందము గెలిచిన పాట అయితే ఏ దేశపు భాషలోను లేదు. అది కల్పిత భాషలో, తేనెటీగల ఝంకారమును పోలిన ధ్వనులతో కూర్చబడినది! జనాభా తక్కువ అనుటయు సరికాదు. సుమారు 5 లక్షల జనాభా గల మాల్టా 2013లోను, 2015లోను గెలిచినది. అయితే మాల్టా గెలిచినది మాల్టీస్ భాషతో కాదు, తన మరొక అధికార భాషయైన ఆంగ్లముతో. ఆ మార్గము వేల్స్‌కు కూడ కొంతవరకు తెరచియే ఉన్నను ఎస్‌ఫోర్‌సి దానిని ఎన్నుకొనలేదు.

ఓటింగు పద్ధతి ప్రభావము కొంత ఉన్నది. 2017 నుండి సగము పాయింట్లు న్యాయనిర్ణేతలవి, సగము ఇంటర్నెట్ ఓట్లవి. ప్రేక్షకులు తమ దేశమునకు కూడ ఓటు వేయవచ్చును. దీని వలన పోలండ్ వంటి పెద్ద దేశములకు అనుకూలత ఏర్పడును. వేల్స్ ప్రేక్షకుల సంఖ్య స్వల్పము. పైగా వెల్ష్ ఛానల్ చూచువారు అందులోను ఒక భాగమే.

అన్నిటికంటె ముఖ్యమైన లోపము కొనసాగింపు లేకపోవుట. 2007లో ప్రవేశించిన జార్జియా నాటినుండి ఏటేటా పాల్గొనుచు, బాలలకు సంగీత శిక్షణ ఇచ్చు సంస్థలను, వారికి పాటలు కూర్చువారిని తయారు చేసుకొన్నది. రెండేళ్ళ అనుభవముతో దీనిని సాధించుట ఎవరికిని సాధ్యము కాదు.

తదనంతర పరిణామములు

2020లో కోవిడ్ కారణముగా ఎస్‌ఫోర్‌సి విరమించుకొన్నది. 2022లో బీబీసీ యునైటెడ్ కింగ్‌డమ్ పేరుతో ఆంగ్ల పాటను పంపగా 5వ స్థానము, 2023లో 4వ స్థానము వచ్చినవి. వేల్స్ పొందిన స్థానములకంటె ఇవి చాల మెరుగైనవి. కాని ఈ పాటలలో వెల్ష్ లేదు. 2024లో బీబీసీ కూడ తప్పుకొన్నది. 2022 ఏప్రిల్ నుండి ఎస్‌ఫోర్‌సికి ప్రజా నిధులు పూర్తిగా టెలివిజన్ లైసెన్సు రుసుము నుండియే లభించుచున్నవి.

2050 నాటికి వెల్ష్ మాట్లాడువారి సంఖ్యను పది లక్షలకు పెంచవలెనని వేల్స్ ప్రభుత్వము 2017లో లక్ష్యము పెట్టుకొన్నది. 2021 జనాభా లెక్కలలో ఆ సంఖ్య 5,38,000, అనగా 17.8 శాతము మాత్రమే. 2011లో ఇది 19 శాతము. 5–15 సంవత్సరముల పిల్లలలో తగ్గుదల మరింత ఎక్కువ: 40.3 శాతము నుండి 34.3 శాతమునకు. ఈ పోటీకి అర్హత గల పిల్లలందరును ఆ వయసువారే.