ఈసారైనా... బాబాయ్!

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటివారు ఒకరు ఉండే ఉంటారు. "ఇక ఈ జట్టు బాగుపడదు. ఈ ఏడాదితో చూడటం మానేస్తున్నా" అని ఏటా అంటారు. కానీ మానరు. మళ్లీ పోటీలు మొదలైన రోజున అందరికంటే ముందు టీవీ ఎదురుగా కుర్చీ వేసుకునేదీ వాళ్లే.

మా ఇంట్లో ఆ ఒకరు మా బాబాయ్.

పర్చూరు దగ్గర మా ఊరు. చాలాకాలం ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా మారినా నేల అదే... నల్లరేగడి. పంటలూ అవే... పత్తి, మిరప, శనగ. బాబాయ్‌కి సొంతం రెండెకరాలు, కౌలుకు మరో మూడు. కుర్రతనంలో చెడుగుడు బాగా ఆడేవాడు. ముసురు పట్టిందంటే ఇప్పటికీ ఆయన కుడి మోకాలు నొప్పి పెడుతుంది. "మందు రాయనా?" అని పిన్ని అడిగితే, "ఇది మార్టూరోళ్లు పట్టిన పట్టు. మందుకి పోదు" అంటాడు గొప్పగా.

అలాంటి మనిషి 2014 జులైలో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. అప్పటిదాకా తెరమీద కబడ్డీ అంటే మనకు 'ఒక్కడు' సినిమానే కదా! ఇప్పుడు నిజం ఆట, నిజం ఆటగాళ్లు. పైగా ఎనిమిది జట్లలో ఒకటి మనది. విశాఖపట్నం కేంద్రంగా తెలుగు టైటాన్స్. కూతకు రాహుల్ చౌదరి వెళ్లాడంటే మా అరుగుమీద ఈలలు మోగేవి. 2015లో మూడో స్థానం. 2016లో సెమీఫైనల్. "వచ్చే ఏడు కప్పు మనదే" అన్నాడు బాబాయ్.

ఆ 'వచ్చే ఏడు' తర్వాత తొమ్మిదేళ్లపాటు ప్లేఆఫ్స్ గుమ్మం కూడా తొక్కలేదు మన జట్టు.

నల్లతామర ఏడాది

అన్నిటికంటే అన్యాయమైన కాలం 2021 చలికాలంతో మొదలైంది. మిరప రైతుకు ఆ ఏడాది గురించి వేరే చెప్పక్కర్లేదు. నల్లతామర పురుగు పూతలో దూరింది. పూత రాలిపోయింది. ఏ మందు కొట్టినా లాభం లేకపోయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పచ్చగా నిలబడ్డ తోటల్ని రైతులు తమ చేతులతోనే పీకేసుకున్నారు. బాబాయ్ కూడా మూడెకరాల తోట దున్నించేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెంగళూరులో ఎనిమిదో సీజన్ నడుస్తోంది. పగలు చేలో చూసిందే రాత్రి టీవీలో! టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. 17 ఓడింది, నాలుగు టై. పన్నెండు జట్లలో పన్నెండోది. 1.30 కోట్లు పెట్టి నిలబెట్టుకున్న సిద్ధార్థ్ దేశాయ్ గాయంతో మధ్యలోనే దూరమయ్యాడు.

"టీవీ కట్టేయండి, ఎందుకొచ్చిన బాధ?" అంది పిన్ని.

"చేను దున్నేశాను కదా. ఇది కూడా దున్నేయమంటావా?" అన్నాడు బాబాయ్. ఆ మాటకు ఇంట్లో ఎవరం బదులు చెప్పలేదు.

2022లో తొమ్మిదో సీజన్. 22కి రెండు గెలుపులు, 20 ఓటములు. పదో సీజన్‌కి యాజమాన్యం పెద్ద పనే చేసింది. పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు వేలంలో కొనుక్కొచ్చింది. అప్పటికి లీగ్ చరిత్రలోనే అంత ధర ఎవరికీ పలకలేదు. ఊళ్లో పండగ. పవన్ తన వంతు తాను చేశాడు కూడా. ఒక్కడే 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం మళ్లీ రెండే గెలిచింది. మళ్లీ పన్నెండో స్థానమే.

మూడు సీజన్లు. 66 మ్యాచ్‌లు. ఐదు గెలుపులు!

నోటుబుక్కు లెక్క

మందులకు, కూలీలకు అయ్యే ఖర్చు రాసుకోవడానికి బాబాయ్‌కి ఒక నోటుబుక్కు ఉంది. దాని వెనక పేజీల్లో టైటాన్స్ లెక్క. ఒకసారి నాకు చూపించాడు.

అప్పటి పద్ధతిలో గెలిస్తే 5 పాయింట్లు, టై అయితే 3, ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడితే 1. "ఎనిమిదో సీజన్లో మనకొచ్చినయి 27. గెలుపుకి ఐదు, నాలుగు టైలకి పన్నెండు తీసెయ్. మిగిలిన పది ఎక్కడివి? పది మ్యాచ్‌లు అంచుదాకా వచ్చి ఓడామన్నమాట. మర్నాటి ఏడు మొత్తం 15. రెండు గెలుపులకి పది పోతే ఐదే. అంటే ఇరవై ఓటముల్లో ఐదే దగ్గరగా వచ్చినయి. గెలుపు ఒకటి పెరిగిందని టీవీలో మెచ్చుకుంటన్నారు. నిజానికి ఆట ఇంకా పాడైందమ్మాయ్!"

పదో సీజన్ లెక్కా అంతే. 21 పాయింట్లు. రెండు గెలుపులు, ఒక టై పోగా మిగిలినవి ఎనిమిది. అన్ని కోట్లు పెట్టాక కూడా ఎనిమిదో సీజన్ నాటి పదికి చేరలేదు.

ఆయనకు ఇందులో ఒక సిద్ధాంతం ఉంది. కబడ్డీ తెలిసిన మీలో చాలామంది ఒప్పుకుంటారు. కూతకెళ్లినవాడు ఎంత మొనగాడైనా, అవతలివాళ్లు ఒకసారి పట్టేశారంటే బయట కూర్చోవాల్సిందే. మళ్లీ లోపలికి రావాలంటే మిగతావాళ్లు అవతల ఒకడిని ఔట్ చేయాలి. వాళ్లకు పట్టు చేతకాకపోతే కోట్ల రూపాయల ఆటగాడు బెంచీమీద తువ్వాలు కప్పుకుని చూస్తూ ఉంటాడు. "కుడి మూల, ఎడమ మూల గట్టిగా ఉంటే జట్టు నిలబడుద్ది. గట్లు తెగిన మడికి ఎంత నీళ్లు పెడితే ఏం లాభం?"

రెండేళ్ల గడువు

2024లో పదకొండో సీజన్‌కి కొత్త కోచ్ వచ్చాడు. కృషన్ కుమార్ హుడా. మనం ఒక్క మ్యాచ్ గెలిచిన ఆ ఎనిమిదో సీజన్లోనే దబంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిపెట్టిన మనిషి. జట్టును మళ్లీ మొదట్నుంచీ కడుతున్నారని వ్యాఖ్యాతలు చెబుతుంటే బాబాయ్ మూతి ముడిచాడు. "ఎన్నిసార్లు కడతారు? పునాది పడిందో లేదో చెప్పమను ముందు" అన్నాడు. కానీ తనే ఒక గడువు పెట్టాడు. "రెండేళ్లు చూద్దాం. ఒక్క కాపుతో విత్తనం సంగతి తేలదు."

మొదటి ఏడాది 22లో 12 గెలిచారు. పవన్ మధ్యలో గాయపడితే విజయ్ మాలిక్ భారమెత్తుకున్నాడు. ఆరుగురికి ప్లేఆఫ్స్‌లో చోటుంటే మనది ఏడో స్థానం. అయినా బాబాయ్ తిట్టలేదు. ఆశ్చర్యమే!

అసలు గొడవ 2025లో. వేలానికి ముందు పవన్‌ను వదిలేసుకున్నారు. తమిళ్ తలైవాస్ 59.5 లక్షలకే ఎత్తుకుపోయింది. బాబాయ్ నాకు ఫోన్ చేశాడు. "ఇదేం తెలివమ్మా! గిట్టుబాటు కాలేదని కాపు మీదున్న తోట అమ్ముకుంటారా?" ఒక్కడి మీద ఆధారపడటం తప్పని సిద్ధాంతం చెప్పిన మనిషే మరి! గుర్తుచేస్తే, "చెప్పటం వేరు, పోగొట్టుకోవటం వేరు" అన్నాడు.

ఆగస్టు 29న విశాఖలో పన్నెండో సీజన్ మొదటి మ్యాచ్. ఎదురుగా తలైవాస్. వాళ్ల వైపు పవన్. మన జనం ముందే 35-38తో ఓడిపోయాం. ఆ రాత్రి బాబాయ్ ఫోను చేయలేదు. నేను చేస్తే పిన్ని ఎత్తింది. "పడుకున్నారు. కేబుల్ పీకించేద్దాం అన్నారు" అంది.

తర్వాత జరిగింది మీకూ తెలిసే ఉంటుంది. విజయ్ మాలిక్ కెప్టెన్సీలో, భరత్ కూతల మీద, అన్నిటికీ మించి పట్టు తెలిసిన డిఫెండర్ల మీద ఆ జట్టు నిలబడింది. 18 లీగ్ మ్యాచ్‌ల్లో పది గెలిచింది. ప్లేఆఫ్స్‌లో బెంగళూరు బుల్స్‌ను, పట్నా పైరేట్స్‌ను దాటింది. ఫైనల్‌కి ఒక్క అడుగు దూరంలో పుణేరి పల్టన్ చేతిలో 45-50తో ఓడింది. తొమ్మిదేళ్ల తర్వాత అంత దూరం.

కేబుల్ అలాగే ఉంది!

మనవాడు ఏడీ?

2026 సంక్రాంతికి ఊరెళ్లాను. బాబాయ్ సంతోషంగా ఉంటాడనుకున్నా. ఆయన సందేహాలు ఆయనకున్నాయి.

"ఒక ఏడు పండింది. మళ్లీ పండుద్దని రాసిస్తారా? భరత్ కాలు మడతపడితే ఇంకో భరత్ ఉన్నాడా? మళ్లీ వేలం వస్తే ఈ డిఫెండర్లలో ఎందరు మిగులుతారు? కట్టిన గోడ ఏటా వేలంలో పెట్టే ఇల్లు ఎక్కడైనా ఉందా?"

నిజమే. ప్రొ కబడ్డీలో జట్టును కట్టడం మిగతా ఆటల్లా కాదు. కొందరిని అట్టిపెట్టుకోవచ్చు గానీ, మిగతావారంతా వేలానికి వెళ్లాల్సిందే. అభిమాని ఒక ఆటగాడిని ఇష్టపడటం మొదలుపెట్టేసరికి అతను వేరే రంగు చొక్కాలో కనిపిస్తాడు.

అసలు సందేహం చివర్లో బయటపడింది. "పేరు తెలుగు టైటాన్స్. రాహుల్‌ది ఉత్తరప్రదేశ్. సిద్ధార్థ్‌ది మహారాష్ట్ర. విజయ్‌ది హర్యానా. వాళ్లని కాదన్ను. బంగారం లాంటి పిల్లలు. మరి మనవాడు ఏడమ్మాయ్?"

ఆయన అడుగుతున్నది టైటాన్స్ గురించి మాత్రమే కాదని అప్పుడర్థమైంది. వాకిట్లో మా తమ్ముడు, అంటే బాబాయ్ కొడుకు, మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుంటున్నాడు. ఇంటర్ రెండో ఏడాది. ఎడమ మూల ఆడతాడు. అంతకుముందు ఒకచోట ఎంపిక పోటీలకు వెళ్లొచ్చాడట. అక్కడ ఆట మ్యాట్ మీద. వీడు పుట్టి పెరిగింది మట్టిలో, ఉత్తి కాళ్లతో. అరువు బూట్లేసుకుని దిగాడు. రెండుసార్లు జారాడు. పేరు రాలేదు.

"మట్టిలో కాలు వేళ్లతో పట్టు దొరుకుద్దక్కా. అక్కడ బూటు పట్టుకోవాలి, నేను కాదు" అన్నాడు వాడు. మన ఊళ్లలో ఇలా జారి తిరిగొచ్చే పిల్లలు ఎందరో. ఆట మట్టిలోంచి మ్యాట్ మీదకు వెళ్లింది. మ్యాట్ మాత్రం ఊరికి రాలేదు. చాలాచోట్ల మండల కేంద్రానికీ రాలేదు.

వాడు ఇంటర్ అయ్యాక హాస్టల్లో ఉండి శిక్షణ తీసుకుంటానంటున్నాడు. పిన్ని పాలిటెక్నిక్ అంటోంది. బాబాయ్ ఏమీ అనడం లేదు. డబ్బు సంగతా, 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన గడ్డు రోజులు ఇంకా మరపున పడలేదు. అప్పుడు పెట్టిన పెట్టుబడి అప్పు కొంత అలాగే ఉంది. టైటాన్స్ బాగా ఆడిన ఏడాదే ఆయన కల్లంలో కాయ నవ్వలేదు. జట్టు గెలిస్తే రేటు వస్తుందా మరి!

ఆ సాయంత్రం హైస్కూలు మైదానంలో పండగ పోటీలు. ఫ్లడ్‌లైట్లు, మైకు, ముగ్గుపిండితో గీసిన గీతలు. ఎడమ మూలలో మా తమ్ముడు. అవతలి కుర్రాడు కూతకొచ్చి బోనస్ గీత మీద కాలు పెట్టబోయాడు. అంతే... వీడు చీలమండ దొరకబుచ్చుకున్నాడు. బాబాయ్ లేచి నిలబడ్డాడు. అరవలేదు. కుడి మోకాలు ఒకసారి రుద్దుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు అన్నాడు. "హాస్టలు సంగతి... రెండేళ్లు చూద్దాం. ఒక్క కాపుతో తేలదుగా."

అనుమానపడేవాళ్లకు అభిమానం లేదనుకుంటాం మనం. తప్పు. ఏ అనుమానమూ లేనివాడు గెలిచినప్పుడు వచ్చి, ఓడినప్పుడు వెళ్లిపోతాడు. పన్నెండో స్థానంలో మూడేళ్లు కూర్చుని లెక్కలు రాసుకున్నవాడే అడుగుతాడు, పునాది ఎక్కడుందని. అలా అడిగేవాళ్లు ఉన్నంతకాలం జట్టుకైనా, ఊరికైనా, ఇంట్లో పిల్లాడికైనా మేలే.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. మొదటి కోత కాయ గుంటూరు యార్డుకి వేసుకెళ్లిన బాబాయ్, తిరిగొచ్చేటప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చాడట. అందులో మ్యాట్ మీద ఆడే బూట్లు. సైజు ఒకటి పెద్దది కొన్నాడట, పెరిగే కాళ్లని.

ఫోను ఆయన లాక్కున్నాడు. "టైటాన్స్ సంగతేంటి బాబాయ్?" అనడిగా.

"వాళ్లా? ఈ ఒక్క ఏడాదీ చూసి మానేస్తా" అన్నాడు.