ఆదిలోనే హంసపాదు అన్నవారికి

1971 డిసెంబరులో వెలువడిన 'వైల్డ్ లైఫ్' ఆల్బమ్ పేరెత్తితే చాలు, రాక్ సంగీత చరిత్ర తెలిసినవారు పెదవి విరుస్తారు. బీటిల్స్ విడిపోయాక పాల్ మెకార్ట్నీ కట్టిన 'వింగ్స్' బృందానికి అది తొలి ఆల్బమ్. ఆనాటి విమర్శకులు దానిని చీల్చి చెండాడారు. అర్ధశతాబ్దం దాటినా ఆ తీర్పు ఒక పుస్తకం నుండి మరో పుస్తకానికి ఎత్తిరాతగా నడిచివస్తూనే ఉంది. ఆ తీర్పు అన్యాయమని నా వాదం. ఆల్బమ్ మహాకావ్యమని నేననను. తూచినవారి తూకపురాయి తప్పంటాను.

ఏ రాయితో తూచారు? 1969 నాటి 'యాబీ రోడ్'తో. ఆ ఆల్బమ్ చేసేనాటికి లెనన్, మెకార్ట్నీ, హారిసన్ పదేళ్ళకు పైగా కలిసి వాయించినవారు. 1960 నుండి 1962 వరకు హాంబర్గ్ క్లబ్బులలో, తాగిన జనం ముందు, రాత్రుళ్ళు గంటల తరబడి వాయించి చేతులు అరగదీసుకున్నవారు. ఆ రాత్రులలో వారు ఎన్ని అపస్వరాలు పలికించారో ఎవరు లెక్కపెట్టారు? కలం పట్టుకుని ముందు వరుసలో కూర్చున్న విమర్శకుడొక్కడూ లేడు. ప్రతి బృందానికీ అటువంటి చీకటికాలం ఒకటి కావాలి. ఇరవై తొమ్మిదేళ్ళకే లోకమంతా ఎరిగిన ముఖమైపోయిన మనిషికి ఆ చీకటి ఎక్కడ దొరుకుతుంది? తన రెండవ హాంబర్గును అతడు పట్టపగలు, నడివీధిలో గడపవలసి వచ్చింది. 'వైల్డ్ లైఫ్' ఆ సాధనకు దస్తావేజు.

ఆ బృందంలో ఉన్నదెవరు? మూడీ బ్లూస్‌లో పాడి వచ్చిన డెనీ లేన్, న్యూయార్కు స్టూడియోలలో ఆరితేరిన డ్రమ్మర్ డెనీ సైవెల్, అప్పుడప్పుడే కీబోర్డు నేర్చుకుంటున్న లిండా. బీటిల్స్ పనిచేసిన లండన్ స్టూడియోలోనే వారం పదిరోజులలో పని ముగించారు. ఎనిమిది పాటలలో అయిదింటికి మొదటి టేకునే ఖాయం చేశారు. మొదటి పాట 'మంబో'లో టేపు తిప్పమని ఇంజనీరుకు పాల్ వేసిన కేక కూడా రికార్డులో ఉండిపోయింది. దీనిని అలసత్వమన్నారు. 'యాబీ రోడ్' చివరి భాగాన్ని ముక్క ముక్కగా అతికి నగిషీ చెక్కినవారిలో ఈ మనిషే ముఖ్యుడు కదా! చెక్కడం చేతకాక వదిలాడనడం హాస్యాస్పదం. నలుగురు ఒక గదిలో మొదటిసారి కలిసి వాయిస్తే ఎలా ఉంటుందో అలాగే వినిపించాలని అతడు నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయం మీకు నచ్చకపోవచ్చు. కానీ దానిని నిర్లక్ష్యమనకండి.

ఇక లిండా సంగతి. బీటిల్స్ విడిపోయిన దుఃఖాన్ని అభిమానులు, పత్రికలవారు ఎవరిమీద తీర్చుకున్నారు? అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఇద్దరు భార్యల మీద. అక్కడ యోకో, ఇక్కడ లిండా. సహరచయిత్రిగా లిండా పేరు కనిపించేసరికి, ఆమెకు పాటలు కట్టే శక్తి ఎక్కడిదంటూ పాటల హక్కులున్న ప్రచురణ సంస్థ 1971లో దావాకే దిగింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఆమె స్వరం శిక్షణ పొందినది కాదు, నిజమే. అయితే 'సమ్ పీపుల్ నెవర్ నో'లో ఆ స్వరాన్ని తీసివేసి ఊహించుకోండి. పాటలోని ఇంటి వెచ్చదనం సగం పోతుంది. పాల్‌కు ఎంతటి విద్వాంసుడినైనా జీతమిచ్చి తెచ్చుకునే స్తోమత ఉంది. అతడు కోరుకున్నది కొలువు కాదు, కుటుంబం. బృందం పేరు కూడా అక్కడినుండే వచ్చింది. 1971 సెప్టెంబరులో కూతురు స్టెల్లా పుట్టినప్పుడు తల్లీబిడ్డల ప్రాణాలకు ముప్పు వచ్చింది. అప్పుడు ప్రార్థిస్తుండగా దేవదూత రెక్కలు మనసులో మెదిలాయని అతడే చెప్పాడు.

"సాధన చేసుకోవాలంటే ఇంట్లో చేసుకోవాలి, డబ్బు పుచ్చుకుని మా మీద రుద్దడమెందుకు?" అని అడగవచ్చు. ఆక్షేపణలలో బలమైనది ఇదే. 'బిప్ బాప్' వంటి పాటకు నేను వకాల్తా పుచ్చుకోను. దానిని కట్టినవాడే తరువాత చిన్నబుచ్చుకున్నాడు. అయినా ఇంట్లో సాధన చేసినవాడు ఇంటి పాటగాడే అవుతాడు. జనం ముందు తడబడి నిలదొక్కుకున్నప్పుడే బృందం బృందమవుతుంది. పాల్‌కు ఆ సంగతి తెలుసు. అందుకే 1972 ఫిబ్రవరిలో పిల్లలను, కుక్కలను వ్యానులో ఎక్కించుకుని, ముందస్తు ప్రకటన ఏదీ లేకుండా నాటింగ్‌హామ్ మొదలుకొని విశ్వవిద్యాలయాలకు తిరిగాడు. బీటిల్స్ కోసం రాసిన తన పాటలను పక్కనపెట్టి కొత్తవే వినిపించాడు. పాత కీర్తిని అమ్ముకుని బతకడం ఎంతో సులువైన రోజులవి! ఆ తిరుగుడు తిరిగిన బృందమే 1973లో 'బ్యాండ్ ఆన్ ద రన్' ఇచ్చింది. అప్పటికి సైవెల్ వెళ్ళిపోయాడు. పాల్, లిండా, లేన్ ముగ్గురే మిగిలారు. ఆ ఆల్బమ్‌ను నెత్తిన పెట్టుకున్నవారు దాని వేరును మాత్రం కాలితో తన్నుతారు.

'డియర్ ఫ్రెండ్' గురించి చెప్పకపోతే ఈ వాదం పూర్తి కాదు. 1971 సెప్టెంబరులో వచ్చిన 'ఇమాజిన్' ఆల్బమ్‌లో లెనన్ ఒక పాట మొత్తం పాల్‌ను తూలనాడడానికే వెచ్చించాడు. జవాబుగా తిట్టు వస్తుందని లోకం చెవులు రిక్కించింది. డిసెంబరులో వచ్చినది దాదాపు ఆరు నిమిషాల విషాదగీతం. పియానో మీద ఒంటరి గొంతు, నెమ్మదిగా వచ్చి చేరే వాద్యబృందం, స్నేహం నిజంగా ముగిసిపోయిందా అన్న ఆరాటం. అందులో కోపం లేదు. ఈ పాట ఉన్న ఆల్బమ్‌ను డొల్ల అన్నవారు దానిని చివరిదాకా విన్నారని నేను నమ్మను.

కొత్త బృందంతో వచ్చినవాడిని పాత బృందపు చివరి మెట్టు మీద నిలబెట్టి కొలిచే అలవాటు విమర్శ కాదు, అది పాతదానిమీది బెంగ. బెంగ ఉండడం తప్పు కాదు. దానిని తీర్పుగా చెలామణి చేయడం తప్పు. 'వైల్డ్ లైఫ్'ను చివరి పాటతో మొదలుపెట్టి వినండి. విన్నాక నాతో తగువుకు రండి.